నీట్ రాలేదు, రీసెర్చ్ చేస్తానంటోంది

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. పాప ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. కరోనా టీకా తర్వాత వాళ్ళమ్మకు నెలసరి ఆలస్యమైతే ఆశా కార్యకర్తను అడిగాం, ఆమె చెప్పలేకపోయింది. అప్పటి నుంచీ ఆడవాళ్ళ ఆరోగ్యం మీద రీసెర్చ్ చేస్తానంటోంది. నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్పించమంటారా? (ఒక తండ్రి)

జవాబు: పాపకు డాక్టరే కావాలని ఉంటే లాంగ్‌టర్మ్ సంగతి చూడండి. రీసెర్చే కావాలంటే ఎంబీబీఎస్ లేకుండానూ వెళ్ళొచ్చు.

ఆశా కార్యకర్త తప్పేం లేదు. ఆ టీకాల పెద్ద ట్రయల్స్‌లో జ్వరం, ఒళ్ళునొప్పులు రాసుకున్నారు గానీ నెలసరి గురించి పద్ధతిగా అడగలేదు. జనం అడగడం మొదలెట్టాక వెతికారు. 2022 జనవరిలో అమెరికా పరిశోధకులు సుమారు 4 వేల మంది వివరాలు ప్రచురించారు. టీకా వేసుకున్న నెలలో నెలసరి సగటున ఒక రోజులోపే ఆలస్యమైంది, తర్వాత సర్దుకుంది. కాబట్టి టీకాకు భయపడాల్సిన పని లేదు. కానీ ఆ లెక్కలు ఫోన్ యాప్‌లో తేదీలు రాసుకునే, నెలసరి క్రమంగా వచ్చే ఆడవాళ్ళవి. మన పత్తి చేన్లలో కూలికెళ్ళే, రక్తం తక్కువున్న ఆడవాళ్ళ సంగతి వాటిలో ఎక్కడుంది? తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెబుతోంది. మీ పాపకు బోలెడు పని ఉన్నది ఇక్కడే.

ఈ నిర్లక్ష్యం నిన్నటిది కాదు. గర్భం వచ్చే అవకాశమున్న ఆడవాళ్ళను మందుల తొలి దశ ప్రయోగాల్లోకి తీసుకోవద్దని అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 1977లో చెప్పింది. 1993లో గానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. జోల్‌పిడెమ్ అనే నిద్రమాత్ర ఆడవాళ్ళ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుందని, వాళ్ళకు మోతాదు సగం చేయాలని 2013లో తేల్చారు. అప్పటికి ఆ మాత్ర ఇరవై ఏళ్ళుగా అమ్ముడవుతోంది!

ఇక చదువు. ఫార్మ్‌డీ, అంటే మందుల మీద డాక్టర్ ఆఫ్ ఫార్మసీ కోర్సు, ఆరేళ్ళు, ఎప్‌సెట్ ర్యాంకుతో చేరొచ్చు. వార్డుల్లో తిరుగుతూ మందుల దుష్ఫలితాలు నమోదు చేయడం నేర్పుతారు. ప్రైవేటులో ఫీజు మాత్రం బరువే. అంత పెట్టలేకపోతే నా ఓటు బీఎస్సీ నర్సింగ్‌కు. నాలుగేళ్ళలో చేతికి ఉద్యోగం ఉంటుంది, మన ఆడవాళ్ళు మగ డాక్టరుకు చెప్పనివి నర్సమ్మకు చెబుతారు. తర్వాత పబ్లిక్ హెల్త్‌లో పీజీ, అంటే ఎంపీహెచ్, చేయొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆ కోర్సుంది. తార్నాక జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ఉంది. ఏ డిగ్రీకి దేనికి అర్హతో నోటిఫికేషన్ చూసుకోండి. ఎంపీహెచ్‌లో స్టాటిస్టిక్స్ తప్పదు, బైపీసీ పిల్లలు అక్కడే జడుస్తారు. డిగ్రీలో ఉండగానే ఆ లెక్కలు కొంచెం కొంచెం నేర్చుకోమనండి.

అమీర్‌పేటలో ఆరు నెలల క్లినికల్ రీసెర్చ్ సర్టిఫికెట్లు అమ్ముతుంటారు. డిగ్రీ చేతికి రాకముందు వాటికి రూపాయి కూడా కట్టకండి.