బి సైడ్: దేశం కాని దేశం పాటలు

(సుల్తాన్ బజార్‌లో ఒకప్పుడు క్యాసెట్ రికార్డింగ్ సెంటర్ నడిపిన మా కాలమిస్టు, పాటల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: కాలేజీ రోజుల నుంచీ ఇంగ్లిష్ పాటలు వింటున్నాను. ఇప్పుడు వేరే భాషలవి వినాలని ఉంది. నెట్‌లో వెతికితే 'చచ్చేలోగా వినాల్సిన వంద పాటలు' లాంటి లిస్టులే వస్తున్నాయి. నాలుగు వినేసరికి ఏది ఏ దేశందో కూడా గుర్తుండట్లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు సార్?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: ముందు ఆ లిస్టులు మూసేయండి. వంద దేశాల పాటలు ఒకచోట పేర్చిన మనిషి వాటిలో చాలావాటిని ఒక్కసారికి మించి విని ఉండడని నా అనుమానం. మా షాపుకొచ్చి "మంచివేవో చూసి ఒక క్యాసెట్ నింపివ్వండి" అనేవాళ్లు ఉండేవారు. నింపి ఇచ్చేవాణ్ని, డబ్బులు తీసుకునేవాణ్ని, వాళ్లు మళ్లీ కనపడేవారు కాదు. "మొన్నటి పాటలో వెనకాల పియానో వాయించిందెవరండీ?" అని అడిగినవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి వచ్చారు. మీరూ ఆ ప్రశ్నే పట్టుకోండి. పాట నచ్చితే పాడినవాళ్ల పేరుతో ఆగకుండా, వెనక ఎవరున్నారో చూడండి. వాళ్లు ఇంకెక్కడ వాయించారో అక్కడికి వెళ్లండి.

క్యూబా నుంచి బయల్దేరదాం. 1997లో 'బ్యూనా విస్టా సోషల్ క్లబ్' అనే ఆల్బమ్ వచ్చింది. దాన్ని అంతకుముందు ఏడాది హవానాలో, ఎగ్రెమ్ స్టూడియోలో రికార్డు చేశారు. అసలు వాళ్లు చేయాలనుకున్నది అది కాదు. ఆఫ్రికాలోని మాలి దేశం నుంచి వాద్యకారులను రప్పించి క్యూబా వాళ్లతో కలిపి వాయింపించాలని ప్లాన్. మాలి వాళ్లు రాలేకపోయారు. అమెరికా గిటారిస్టు రై కూడర్ అప్పటికే హవానాలో దిగిపోయాడు, స్టూడియో సిద్ధంగా ఉంది. ఇక ఊళ్లో ఉన్న పాతతరం వాళ్లను వెతికి తీసుకొచ్చారు. ఇబ్రహీం ఫెరర్ అప్పటికి పాటలు మానేసి బూట్లు పాలిష్ చేస్తున్నాడు. కొంపాయ్ సెగుందోకి 90 ఏళ్లు దగ్గర పడ్డాయి. పియానో వాయించిన రూబెన్ గొంజాలెజ్ ఇంట్లో పియానోయే లేదు. ఆల్బమ్ వినండి, ఇదంతా చెవికి ఎక్కడా తెలియదు. ఆ గొంజాలెజ్ వేళ్లలో ఎంత కొంటెతనం ఉందో!

ఇప్పుడు మన ప్రశ్న అడుగుదాం. ఈ పెద్దాయన అంతకుముందు ఎక్కడ వాయించాడు? 1940లలో ఆర్సేనియో రోడ్రిగెజ్ బృందంలో. ఆర్సేనియోకి చిన్నప్పుడే చూపు పోయింది. జంట తీగల వరసలు మూడుండే 'త్రెస్' అనే వాద్యం మీద ఆయన కట్టిన లయే తర్వాతి సల్సా సంగీతానికి పునాది. ఇక ఆ కాలపు క్యూబా రికార్డులు ఓడలెక్కి ఆఫ్రికాకు వెళ్లాయి. 1930ల నుంచే హెచ్ఎంవీ కంపెనీ 'జీవీ' అనే సిరీస్‌లో వాటిని అక్కడ అమ్మింది. కాంగో కుర్రాళ్లు వాటిని విని, పియానో పని గిటార్లకు అప్పజెప్పి, లింగాలా భాషలో సొంత రుంబా (క్యూబా నాట్యసంగీతం పేరే అది) తయారుచేసుకున్నారు. ఫ్రాంకో అనే ఆయన, ఆయన బృందం టీపీ ఓకే జాజ్ పాటలు వినండి. మొదట పాట తాపీగా నడుస్తుంది. మీరు ఇక అయిపోయిందనుకునే సమయానికి గిటార్లు అందుకుంటాయి. ఆ రెండో భాగాన్ని వాళ్లు 'సెబెన్' అంటారు. అది రాకముందే పాట మార్చేస్తే మీరు ఫ్రాంకోని విననట్టే.

అవే రికార్డులు సెనెగల్‌కీ చేరాయి. రాజధాని డకార్‌లో 1970లో పుట్టిన ఆర్కెస్ట్రా బావోబాబ్ స్పానిష్‌లోనూ, అక్కడి వోలోఫ్ భాషలోనూ పాడేది. వాళ్లు 1982లో రికార్డు చేసిన పాటలు 'పైరేట్స్ చాయిస్' పేరుతో దొరుకుతాయి. అర్ధరాత్రి వినదగ్గవి. తర్వాత యూసూ ఎన్‌దూర్ లాంటి కుర్రాళ్లు వేగంగా, సబార్ డప్పులతో, పూర్తిగా తమ దేశపు లయతో 'ఎంబలాక్స్' అనే సంగీతం తెచ్చేసరికి ఈ బృందానికి గిరాకీ పోయి మూతపడింది. 2002లో వాళ్లను మళ్లీ ఒకచోట చేర్చి ఆల్బమ్ చేయించిన నిర్మాతల్లో ఒకడు అదే యూసూ ఎన్‌దూర్. అందులో అతిథిగా పాడటానికి వచ్చిందెవరనుకున్నారు? హవానాలో బూట్లు పాలిష్ చేసిన ఇబ్రహీం ఫెరర్.

ఇన్ని పేర్లలో ఒక్కటైనా మీకిప్పుడు ఏ దేశానిదో మర్చిపోతుందా?

ప్రశ్న: 1990లలో కువైట్‌లో డ్రైవర్‌గా చేశాను. మా కఫీల్ (నన్ను పనిలో పెట్టుకున్న యజమాని) కారెక్కగానే ఒకటే క్యాసెట్ పెట్టమనేవాడు. ఒకావిడ పాడుతుంటే మధ్యమధ్యలో జనం కేకలేసేవాళ్లు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వచ్చినా ఆ పాట అయ్యేది కాదు. ఎవరని అడిగే చనువు లేకపోయింది. ఇప్పుడు మళ్లీ వినాలనిపిస్తోంది. ఎవరై ఉంటారు?
– పాఠకుడు, మల్కాజిగిరి (సొంతూరు జగిత్యాల)

జవాబు: ఆడగొంతు, తెగని పాట, జనం కేకలు. మూడూ కలిపితే ఉమ్ కుల్సూమ్ అయి ఉండాలి. ఈజిప్టు గాయని. 1975 ఫిబ్రవరి 3న కైరోలో కన్నుమూస్తే అంతిమయాత్రకు లక్షల మంది రోడ్ల మీదికి వచ్చారు. ఆమె బతికుండగా, సీజన్‌లో ప్రతి నెలా మొదటి గురువారం రాత్రి ఆమె కచేరీ రేడియోలో వచ్చేది. ఆ రాత్రి అరబ్బు దేశాల్లో రేడియో ఉన్న ఇల్లల్లా కచేరీ హాలే.

ఆ కేకల సంగతి మనకు తెలియనిది కాదు. మన పద్యనాటకాల్లో రాగం తీయగానే "వన్స్ మోర్!" అని అరిచేవాళ్లు చూడండి, అదే. ఆమె కూడా జనం అడిగితే ఆ పాదాన్నే మళ్లీ ఎత్తుకునేది. ఎత్తుకున్న ప్రతిసారీ ఇంకోలా పాడేది. పాట గంట దాటడానికి కారణం అదే. మీరు 'ఇంతా ఒమ్రీ'తో మొదలుపెట్టండి, 1964 నాటిది. సంగీతం మహమ్మద్ అబ్దెల్ వహాబ్. అప్పటిదాకా ఈ ఇద్దరూ ఎవరి కిరీటం వాళ్లు పెట్టుకుని దూరంగా ఉన్నవాళ్లు. వాద్యబృందంలోకి ఎలక్ట్రిక్ గిటార్ వచ్చింది కూడా ఈ పాటతోనే. ఆమె నోరు విప్పేలోపు వాద్యాలు చాలాసేపు నడుస్తాయి, కంగారుపడి ముందుకు జరపకండి.

గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినవాళ్లు ఈవిడ క్యాసెట్లు కాపీ చేయమని మా షాపుకి తెచ్చేవారు. 90 నిమిషాల క్యాసెట్ కొన్నా ఒక వైపు 45 నిమిషాలే కదా. పాటను ఎక్కడ తెంచి రెండో వైపుకి తిప్పాలో నేనే చూసుకోవాల్సి వచ్చేది. జనం చప్పట్లు కొట్టే చోటు చూసి తెంచేవాణ్ని. ఇప్పుడు మీకు ఆ బాధ లేదు, ఫోన్‌లో ఏకబిగిన వినొచ్చు.

ప్రశ్న: మాటలు అర్థం కాకుండా పాట వినడమేమిటండీ? సాహిత్యం లేకపోతే సగం పాటే కదా?
– రిటైర్డ్ తెలుగు లెక్చరర్, చిక్కడపల్లి

జవాబు: మాస్టారూ, మీ మాట నేను కొట్టిపారేయను. కాకపోతే వరస మార్చమంటాను. ముందు గొంతు వినండి, అర్థం తర్వాత వెతుక్కోండి. ఆఫ్రికా పశ్చిమ తీరానికి అవతల సముద్రంలో కేప్ వెర్డె అనే చిన్న దీవుల దేశం ఉంది. అక్కడ మిందేలో రేవు పట్నంలో బార్లలో పాడుకునే సెజారియా ఎవోరాకు పేరొచ్చేసరికి ఆమె వయసు 50 దాటింది. 1992లో వచ్చిన 'మిస్ పెర్ఫుమాడో' ఆల్బమ్‌తో ప్రపంచమంతా తెలిసింది. స్టేజీ మీద కూడా వట్టికాళ్లతోనే నిలబడి పాడేది. అందులో 'సొదాద్' అనే పాట వినండి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎవరో ఎటో వెళ్లిపోతున్నారని తెలుస్తుంది. తర్వాత అర్థం చూడండి: కరువు దీవుల నుంచి సావో తోమే దీవిలోని కోకో తోటలకు కూలికి పోయినవాళ్ల పాట అది. అంత దూరపు దారి నీకెవరు చూపించారని అడుగుతుంది. పాలమూరు వలసకూలీల మీద పాటలు విన్న చెవులకు దానికి వేరే వ్యాఖ్యానం కావాలా? రెండోసారి వినేటప్పుడు మీరన్న ఆ మిగతా సగం కూడా చేతికొస్తుంది.

ప్రశ్న: మన సంగీత దర్శకులు విదేశీ పాటల నుంచి ఎత్తేసిన ట్యూన్ల లిస్టు ఇస్తారా?
– పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఇవ్వను. ఆ లిస్టులు యూట్యూబ్ నిండా ఉన్నాయి. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగిందని మాత్రం చెప్తాను. ఇండోనేషియాలో ఊరూరా మోగే 'దంగ్‌దుత్' సంగీతం మన హిందీ సినిమా పాటల ప్రభావంతో పెరిగింది. దాని రారాజు రోమా ఇరామా పాటలు వింటే, తబలా నడక, ఫ్లూటు అన్నీ ఎక్కడో విన్నట్టే ఉంటాయి. దానికి వాళ్లు ఎలక్ట్రిక్ గిటార్ హోరు తగిలించారు. తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవి గాయని సితి బింతి సాద్ అయితే 1928లో బొంబాయి వచ్చి హెచ్ఎంవీకి స్వాహిలీ పాటలు రికార్డు చేసి వెళ్లింది.

ప్రశ్న: కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను. మన రాగాలకు దగ్గరగా ఉండే విదేశీ పాటలు చెప్పండి అంకుల్.
– డిగ్రీ విద్యార్థిని, సైనిక్‌పురి

జవాబు: ఇథియోపియాకు వెళ్లమ్మా. అక్కడి పాటలు ఐదు స్వరాల వరసల మీద నడుస్తాయి. 'తెజెతా' అనే వరసలో ఒక రకం అచ్చంగా స, రి2, గ3, ప, ద2. నీకు మోహనం వచ్చి ఉంటే శ్రుతి పెట్టుకుని పక్కనే పాడుకోవచ్చు. గమకాలు మాత్రం మనలా ఉండవు, వాళ్లది సన్నటి వణుకు. మహమూద్ అహ్మద్ గొంతుతో మొదలుపెట్టు, 1975 నాటి 'ఎరె మెల మెల' విను. వాద్యమే కావాలంటే ములాతు అస్తాత్కే. ఫ్రాన్స్ నుంచి వచ్చిన 'ఎతియోపిక్' సీడీల సిరీస్‌లో ఆ కాలపు పాటలు చాలా ఉన్నాయి.

హైలు మెర్గియా కథ కూడా చెప్పాలి. 1974 తర్వాత సైనిక పాలనలో ఆడిస్ అబాబాలో రాత్రి కర్ఫ్యూ ఉండేది. హోటల్‌కి పాట వినడానికి వచ్చినవాళ్లు తెల్లారేదాకా బయటికి పోవడానికి లేదు, కాబట్టి బ్యాండు కూడా తెల్లారేదాకా వాయించాల్సిందే. హిల్టన్ హోటల్‌లో అలా వాయించిన వాలియాస్ బ్యాండులో కీబోర్డు ఈయనది. తర్వాత అమెరికా వెళ్లి వాషింగ్టన్‌లో టాక్సీ నడుపుకున్నాడు. 1985లో ఒంటరిగా, అకార్డియన్, కీబోర్డులతో ఒక క్యాసెట్ చేశాడు. చాలా ఏళ్లకు ఆఫ్రికా క్యాసెట్లు సేకరించే ఒక అమెరికన్ కుర్రాడికి బహిర్ దార్ అనే ఊళ్లో, ఒక షాపులో అది దొరికింది. 2013లో దాన్ని మళ్లీ విడుదల చేశారు. టాక్సీ డ్రైవరు తిరిగి కచేరీలకు బయల్దేరాడు. క్యాసెట్లతో బతికినవాణ్ని, ఈ కథ సందు దొరికితే చెప్పకుండా ఉండలేను.

ప్రశ్న: ఫోన్‌లో కాకుండా హైదరాబాద్‌లో ఇలాంటి పాటలు వినే చోట్లు, చెప్పే మనుషులు ఉన్నారా?
– పాఠకుడు, మలక్‌పేట

జవాబు: మీరు వింటూనే ఉన్నారు. పెళ్లి బరాత్‌లో, గణేశ్ ఊరేగింపులో మోగే మర్ఫా ఎక్కడిదనుకున్నారు? నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు తెచ్చిన వాయిద్యం అది. బార్కస్‌లో, ఏసీ గార్డ్స్‌లో వాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్నారు. మర్ఫా విన్న చెవితో యెమెన్ పెళ్లిపాటలు విని చూడండి.

ఇక మనుషులంటారా, తార్నాకలో ఇఫ్లూ ఉంది. అరబిక్, స్పానిష్, జపనీస్, కొరియన్ నేర్పే యూనివర్సిటీ. టోలీచౌకీ వైపు సూడాన్, సోమాలియా, యెమెన్ నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు కనిపిస్తారు. చాయ్ దగ్గర పరిచయమైతే "మీ అమ్మగారు వంట చేస్తూ ఏం పాట పెట్టుకుంటారు?" అని అడగండి. "మీ దేశంలో గొప్ప గాయకులెవరు?" అంటే పరీక్షలో రాసినట్టు చెప్తారు. అమ్మ పాట అడిగితే మొహం మారిపోతుంది, ఫోన్ తీసి వినిపించేస్తారు. ఆ పేరును వాళ్ల లిపిలోనే టైప్ చేయించుకుని దాచుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికితే విదేశీయుల కోసం పేర్చినవి ముందొస్తాయి, వాళ్ల లిపిలో వెతికితే అక్కడి జనం వినేవి వస్తాయి. 'రేడియో గార్డెన్' అనే యాప్‌లో భూగోళం తిప్పి ఏ ఊరి రేడియో అయినా అప్పటికప్పుడు వినొచ్చు. యాడ్స్ కూడా వింటారనుకోండి, అవీ సరదాగానే ఉంటాయి. జూన్ 21న ప్రపంచ సంగీత దినోత్సవం. 1982లో ఫ్రాన్స్‌లో మొదలైంది. ఆ తేదీ చుట్టుపక్కల ఫ్రెంచ్ భాష నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ వాళ్ల కార్యక్రమాలేమైనా ఉన్నాయేమో కనుక్కోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్. పొద్దస్తమానం కొరియన్ పాటలే. తిడితే మొండికేస్తోంది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: చదువు సంగతి మీరూ ఆమే చూసుకోవాలమ్మా, నాకు తెలిసింది పాటలే. తిట్టడం మానేసి ఆమె దగ్గర లేని కొరియన్ పాట ఒకటి మీరే వినిపించండి. షిన్ జూంగ్ హ్యున్ అని ఒకాయన. 1950లలో అమెరికన్ సైనిక స్థావరాల్లో గిటార్ వాయిస్తూ ఎదిగాడు. 1972లో అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీని పొగుడుతూ పాట కట్టమంటే ఒప్పుకోలేదు. దానికి బదులు తన దేశపు కొండలూ నదుల మీద కట్టాడు. 1975లో గంజాయి కేసులో జైలుకెళ్లాడు, పాటల మీద నిషేధం పడింది. పార్క్ చనిపోయాక గానీ మళ్లీ వేదికెక్కలేకపోయాడు. 1973లో ఆయన కిమ్ జంగ్ మీ అనే అమ్మాయితో పాడించిన 'నౌ' ఆల్బమ్ ఉంది. పాతదని ముందే చెప్పకుండా హాల్లో పెట్టేసి మీ పని మీరు చేసుకోండి. "అమ్మా, ఇదెవరు పాడారు?" అని గదిలోంచి బయటికొస్తే నాకు మళ్లీ ఉత్తరం రాయండి, ఆ తర్వాతివి చెప్తాను.