బడి తెరిచేలోగా సంఘం చేయదగిన సాయం

సహోదరి గారికి వందనములు. బొబ్బిలి దగ్గరి మీ సంఘం కానుకల సొమ్ముతో పేద పిల్లలకు సంచులు, నోటు పుస్తకాలు కొనవచ్చా అని అడిగారు. ప్రభుత్వ బడి పిల్లలకైతే వద్దని నా అభిప్రాయం. రాష్ట్ర ప్రభుత్వం వారికి ఉచితంగా ఇచ్చే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్టులో అవి ఉంటాయి. యూనిఫారం మాత్రం గుడ్డగానే వస్తుంది, కుట్టుకూలి ముందుగా తల్లిదండ్రులే పెట్టుకోవలసి వస్తుంది. సంఘంలో మిషను కుట్టే స్త్రీలకు ఆ కూలి మీరు చెల్లిస్తే రెండు కుటుంబాలకూ మేలు. లాగు అంచును రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టమనండి. పిల్లవాడు ఎదిగినకొద్దీ విప్పుకోవచ్చు.

అంతకన్నా ముఖ్యమైనది కాగితాల పని. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ పథకం సొమ్ము పడాలంటే తల్లి బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి. తల్లిదండ్రులు చెన్నైకో హైదరాబాదుకో వలసపోగా పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉండిపోయిన ఇళ్లలో, మన జిల్లాలో అవి తక్కువేమీ కాదు, ఈ పని అలాగే నిలిచిపోతుంది. వారు వేసవిలో ఊరికి వచ్చినప్పుడే, చదువుకున్న యువకుడొకరు వెంట ఉండి వారిని బ్యాంకుకు, గ్రామ సచివాలయానికి తీసుకువెళ్లాలి.

సాయం కావలసిన పిల్లలెవరో ప్రధానోపాధ్యాయులను అడగండి. ఆరాధనకు వచ్చేవారికే అని దయచేసి పరిమితి పెట్టకండి. బట్టలు అందించేటప్పుడు పిల్లలను వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయనివ్వకండి.