రగ్బీ మ్యాచ్‌కు పోస్టర్ చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

బెంగళూరులో మీ మిత్రుల క్లబ్ వచ్చే నెల సెవెన్స్ రగ్బీ (జట్టుకు ఏడుగురే ఆడే రగ్బీ) మ్యాచ్ ఆడుతోందని, పోస్టర్ పని మీకు అప్పగించారని, డిజైన్ వచ్చుగానీ ఆట గురించి ఏమీ తెలియదని అడిగారు. నేను వైట్‌ఫీల్డ్‌లో ఉంటాను. కొన్నేళ్లుగా ఇక్కడి ఒక చిన్న జట్టుకు పోస్టర్లు చేసిపెడుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ఈ ఊళ్లో మీ పోస్టర్ చూసేవాళ్లలో చాలామంది రగ్బీని ఎన్నడూ చూసి ఉండరు. క్రికెట్‌కైతే రెండు జట్ల పేర్లు, వేళ వేస్తే జనం వస్తారు. రగ్బీకి అది చాలదు. ఇది ఏ ఆట, ఇందులో చూడదగ్గది ఏముంది, నేనూ పిల్లలతో రావచ్చా? ఈ మూడింటికీ లిఫ్టు కోసం నిలబడ్డ మనిషికి ఆ కాసేపట్లోనే జవాబు దొరకాలి. కాబట్టి కంప్యూటర్ తెరిచే ముందు జట్టు ప్రాక్టీసుకు ఒకసారి వెళ్లండి. కెమెరా తీసుకెళ్లండి.

ఫోటో మీరే తీయమనడానికి కారణం ఉంది. ఉచిత ఫోటోల సైట్లలో రగ్బీ అని వెతికితే అమెరికన్ ఫుట్‌బాల్ ఫోటోలు కూడా కలిసి వస్తాయి. తలకు హెల్మెట్, ముఖానికి జాలీ, భుజాల మీద దళసరి కవచం ఉంటే అది రగ్బీ కాదు. బంతి చూసి కూడా పోల్చుకోవచ్చు. అమెరికన్ బంతి కొసలు మొనదేలి, పైన లేసు కుట్టు కనిపిస్తుంది. రగ్బీ బంతి కొసలు గుండ్రంగా ఉంటాయి, లేసు ఉండదు. గోల్ స్తంభాలు రెండూ నేల నుంచే లేస్తాయి, 3 మీటర్ల ఎత్తున అడ్డకమ్మీ ఉంటుంది. ఒంటికాలి మీద నిలబడిన స్తంభం కనిపిస్తే ఆ ఫోటో వద్దు. రోజూ తెల్లవారుజామున లేచి సాధన చేసే ఆటగాళ్లకు తమ పోస్టర్ మీద వేరే ఆట బొమ్మ కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇక ఏ క్షణాన్ని ఎంచుకోవాలి? చాలా పోస్టర్లలో ఇద్దరు ఢీకొంటున్న ఫోటో, దాని మీద పగుళ్లు పడిన అక్షరాలు, నిప్పురవ్వలు ఉంటాయి. నాకు అవి నచ్చవు. వాటిని చూసిన తల్లి తన బిడ్డను ఈ ఆటకు పంపదు. నేను పాస్‌నే ఎంచుకుంటాను. బంతి ఒకరి చేతులు వదిలింది, ఇంకొకరి చేతుల్లో ఇంకా పడలేదు. విసిరినవాడి వేళ్లు ఇంకా బంతి వైపే చాచి ఉంటాయి. అందుకోబోయేవాడి అరచేతులు అప్పటికే తెరుచుకుని ఉంటాయి, చూపు బంతి మీద నుంచి కదలదు, మోకాళ్ల నిండా ఎర్రమట్టి. ఆ మట్టిని ఫోటోషాప్‌లో తుడిచేయకండి, అది ఈ నేల గుర్తు. ఇలాంటి ఫోటో కోసం మైదానం గీత పక్కన మోకాళ్ల మీద కూర్చుని, సెకనులో వెయ్యో వంతు షటర్ వేగంతో తీయండి. కింది నుంచి తీస్తే ఆటగాళ్ల తలలు ఆకాశంలోకి లేస్తాయి, పైన శీర్షికకు ఖాళీ దానంతటదే వస్తుంది.

పాస్ ఫోటోతో ఒక జాగ్రత్త ఉంది. రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. ఆటగాళ్లు ఎడమ నుంచి కుడికి పరుగెడుతుంటే బంతి అందుకునేవాడు ఫోటోలో ఎడమవైపు, కాస్త వెనకగా ఉండాలి. చోటు సరిపోలేదని మనుషులను కత్తిరించి అటూ ఇటూ జరిపితే ఆట నియమమే తప్పుతుంది. ఫోటోను అద్దంలోలా తిప్పితే జెర్సీ మీద అంకెలు తిరగబడతాయి. ఆఖరి రూపాన్ని కెప్టెన్‌కు చూపించకుండా ప్రింటుకు పంపవద్దు.

మాటలు తక్కువగా ఉండాలి, కానీ ఆటను పరిచయం చేసే ఒక వాక్యం తప్పనిసరి. నేను అడుగున సన్నని పట్టీలో ఇలా వేస్తాను: ‘జట్టుకు ఏడుగురు. 7 నిమిషాల చొప్పున రెండు భాగాలు. బంతిని గీత దాటించి నేలకు ఆనిస్తే 5 పాయింట్లు.’ దీనితో పాటు ‘2016 రియో నుంచి ఒలింపిక్ క్రీడ’ అని చేర్చండి. పిల్లల తల్లిదండ్రులకు ఆ మాట భరోసా ఇస్తుంది. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో బెంగళూరు, చెన్నైలతో పాటు హైదరాబాద్‌కూ జట్టు ఉంది. మన తెలుగు కుటుంబాలకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆ సంగతి రాయండి, ఆసక్తి పెరుగుతుంది.

వేళ విషయంలో మాత్రం రాజీపడకండి. సెవెన్స్ మ్యాచ్ 14 నిమిషాలు, మధ్యలో విరామం 2 నిమిషాలు. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో అరగంట చిక్కుకున్నవాళ్లకు చూడటానికి ఏమీ మిగలదు. ఒకే రోజు చాలా మ్యాచ్‌లుంటే ‘సాయంత్రం 4 నుంచి’ అని సరిపెట్టకుండా మీ జట్టు ఆట ఎప్పుడో విడిగా, పెద్ద అక్షరాల్లో వేయండి. శుభలేఖలో ముహూర్తంలా అది వెతక్కుండా కనిపించాలి. వారం పేరు, మైదానం ఏ గేటు నుంచి, దగ్గరి మెట్రో స్టేషన్, ప్రవేశం ఉచితమా కాదా అన్నవీ ఉండాలి.

శీర్షిక కన్నడలో పెట్టండి, తర్వాతే ఇంగ్లిషు. ఉన్న ఊరి మనుషులను పిలిచేటప్పుడు వాళ్ల భాషలో పిలవడమే మర్యాద. బలూ తమ్మ అనే కన్నడ ఫాంటు ఉచితం, బొద్దుగా ఉండి దూరానికీ కనిపిస్తుంది. దాని తెలుగు జత బలూ తమ్ముడు. మన లిపికి దగ్గరగా ఉందని మనమే సరిచూసుకుంటే చాలదు, కన్నడవారితో చదివించండి. ఫోటోషాప్‌లో భారతీయ లిపుల అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, మనకు అది చప్పున కంటపడదు.

ప్రింటు సంగతి క్లుప్తంగా. నోటీసు బోర్డులకు ఏ3 చాలు, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అది 3508 × 4961 పిక్సెళ్లు, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అంచు) అదనం. తెర మీద మెరిసే గడ్డి పచ్చదనం ప్రింటు రంగులైన సీఎంవైకేలో మందగిస్తుంది, కాబట్టి ఒక కాపీ తీయించి వెలుతురులో చూశాకే మిగతావి వేయించండి. నేను సుల్తాన్‌పేటలో వేయిస్తాను. వాట్సాప్ స్టేటస్‌కు 1080 × 1920లో నిలువుగా వేరే రూపం చేయాలి, ఏ3నే కుదించి పంపితే అడుగు పట్టీ చదవలేరు.

గోడలకు, కరెంటు స్తంభాలకు అంటించకండి. కర్ణాటకలో బహిరంగ ప్రదేశాల వికృతీకరణ నిషేధానికి 1981 నాటి చట్టం ఉంది, జరిమానా క్లబ్ మీద పడుతుంది. అపార్ట్‌మెంట్ సంఘాలు, టీ కొట్లు, స్కూళ్లు అడిగితే తమ బోర్డు మీద చోటిస్తాయి. ఫోటోలో పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాళ్లుంటే ముందుగా వాళ్ల ఇంట్లో అనుమతి అడగండి. మ్యాచ్ అయిన మర్నాడే వెళ్లి పోస్టర్లన్నీ తీసేయండి, మళ్లీ వెళ్లినప్పుడు ఆ బోర్డులు మీకు దొరుకుతాయి.