జెడ్900నా, స్ట్రీట్ ట్రిపులా? అల్లుడికి మావయ్య ఉత్తరం

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ రాత్రి పదకొండు దాటాక చూశాను. కవాసాకి జెడ్900, ట్రయంఫ్ స్ట్రీట్ ట్రిపుల్, రెండు బళ్ళ ఫోటోలు, కింద "ఏది కొనమంటావు మావయ్యా" అని ఒక్క ముక్క. ఫోన్లో చెప్పొచ్చు గానీ నువ్వు సగం విని "సరే సరే" అంటావు, మధ్యలో మీ అమ్మ ఫోన్ లాక్కుని నా బీపీ సంగతి అడుగుతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కాస్త పొడుగే, టీ పెట్టుకుని చదువు.

ముందు ఒక మాట. అసలు ఇంత పెద్ద బండి ఎందుకురా అని నేను అడగను. నీ వయసులో నా దగ్గర ఆర్ఎక్స్100 ఉండేది, అదే ఆ రోజుల్లో మా వీధికి రాకెట్టు, మీ తాతయ్య దాని సౌండ్ వినగానే గేటు దగ్గరకొచ్చి నిలబడేవారు తిట్టడానికి. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఆర్డీ350, ఆ తర్వాత నాలుగు సిలిండర్ల బండి ఒకటి. కాబట్టి నాలాంటివాడు నీకు నీతులు చెబితే దెయ్యాలు వేదాలు వల్లించినట్టే ఉంటుంది. కొను. కానీ నువ్వు పోల్చుతున్న పద్ధతి తప్పు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో హార్స్ పవర్ దగ్గర ఎర్ర గీత గీశావు చూడు, అక్కడే తప్పు.

కవాసాకి జెడ్900 అంటే 948 సీసీ, నాలుగు సిలిండర్లు, 125 దాకా పవర్. ట్రయంఫ్ స్ట్రీట్ ట్రిపుల్ ఆర్ అంటే 765 సీసీ, మూడు సిలిండర్లు, 120. తేడా ఐదు. ఆ ఐదు నీకు జన్మలో తెలియదు. ఇప్పుడు నువ్వు తోలుతున్న 390 డ్యూక్‌కి నలభై పైచిలుకు ఉంటుందిగా, అంటే రెండింట్లో ఏది కొన్నా నీ చేతిలో ఉన్నదానికి రెండున్నర రెట్ల పైమాటే. అక్కడ నూట ఇరవై అయితే ఏంటి, నూట ఇరవై అయిదు అయితే ఏంటి?

చూడాల్సింది బరువు. జెడ్900 పెట్రోలుతో కలిపి సుమారు 212 కిలోలు, ట్రిపుల్ 189. మధ్యలో ఇరవై మూడు కిలోలు, అంటే దాదాపు మనింట్లో తెచ్చుకునే పాతిక కేజీల బియ్యం బస్తా ఒకటి. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు ఆ బస్తా సంగతి పెద్దగా గుర్తుకు రాదు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గుర్తొస్తుంది. నీ పార్కింగ్ ఎక్కడో నాకు తెలుసు, పోయినసారి వచ్చినప్పుడు చూశాను: స్తంభానికీ ఆ రెండో ఫ్లోర్ వాళ్ళ యాక్టివాకీ మధ్య, కాలువ జాలీ దగ్గర నేల కొంచెం వాలుగా ఉంటుంది. పొద్దున్నే హెల్మెట్ చేతికి తగిలించుకుని, బ్యాగు వీపుకి వేసుకుని, బండిని ఆ వాలు మీద నుంచి వెనక్కి లాగాలి. అప్పుడు ఒక కాలు మునివేళ్ళ మీద ఉండి, హ్యాండిల్ కొంచెం ఎక్కువ తిరిగిందనుకో, బరువు ఒక్కసారి పక్కకి ఒరుగుతుంది. ఒకసారి ఒరిగాక ఆపడం మానవమాత్రుడి వల్ల కాదు. పెద్ద బళ్ళు ఎక్కువగా పడేది నూట ఇరవై స్పీడులో కాదు, ఇలా సున్నాలోనే. లివరు విరిగి, ట్యాంకు సొట్టపడి, పక్కింటి యాక్టివాకి నష్టపరిహారం కూడా కట్టుకోవాలి. సీటు ఎత్తులో రెండింటికీ పెద్ద తేడా లేదు, రెండూ 825, 830 మిల్లీమీటర్ల దగ్గరే. నీ ఒడ్డూ పొడుగూ చూస్తే రెండు పాదాలూ పూర్తిగా ఆనవు. అలాంటప్పుడు బస్తా తక్కువుంటేనే మేలు.

ఇంజిన్ సంగతి. ఇక్కడ నీ మనసు ఎటు ఉందో నాకు తెలుసు, నాలుగు సిలిండర్ల సౌండ్ విని పడిపోయావు, తప్పులేదు, నేనూ అలాగే పడ్డాను. కవాసాకి వాళ్ళకి ఆ విద్య ఇవాళ్టిది కాదు, 1972లో 903 సీసీతో జెడ్1 తెచ్చినప్పటి నుంచీ ఉంది. జెడ్900 టార్క్, అంటే లాగే బలం, సుమారు 98 న్యూటన్ మీటర్లు, అది కూడా ఏడు వేల ఏడు వందల ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతుంది. ట్రిపుల్‌ది 80, అది రావాలంటే తొమ్మిదిన్నర వేల దాకా తిప్పాలి. మన భాషలో చెప్పాలంటే, జెడ్900లో ఆరో గేరు వేసి యాభైలో వెళ్తూ ఎక్సలేటర్ తిప్పినా గునగునమంటూ లాక్కుపోతుంది, గేరు మార్చాలన్న ధ్యాస ఉండదు. ట్రిపుల్ ఒక గేరు తగ్గించమంటుంది, తగ్గించావా, ఈల వేసుకుంటూ లేస్తుంది. ఈ 765 ఇంజిన్ కుటుంబమే 2019 నుంచి మోటోజీపీకి ఒక మెట్టు కిందుండే మోటో2 రేసుల్లో జట్లన్నిటికీ ఇస్తున్నారు, కాబట్టి తిప్పితే ఏమవుతుందో అన్న భయం అక్కర్లేదు.

సోమరిగా తోలేవాడికి జెడ్, ఆడుకుంటూ తోలేవాడికి ట్రిపుల్. నేను సోమరిని. నువ్వు మాత్రం డ్యూక్ మీద నాలుగేళ్ళు గేర్లు తన్నుతూ పెరిగినవాడివి.

అయితే జెడ్ ఇచ్చే ఆ సుఖంలో ఒక ఇబ్బంది ఉంది. కింద నుంచే అంత బలం ఉన్న బండిలో, వేగం పెరిగినట్టు ఒంటికి తెలియదు. చిన్న బండి అరిచి చెబుతుంది, వణికి చెబుతుంది. ఇది చెప్పదు. మీటర్ చూసుకుంటే నూట ముప్పై ఉంటుంది, నువ్వు తొంభై అనుకుంటూ ఉంటావు, ఎదురుగా మలుపు ఉంటుంది. నా కాలర్ బోన్ కథ అదే కదా. నువ్వు అప్పుడు ఇంటర్, హాస్పిటల్‌కి బత్తాయిలు తెచ్చావు, గుర్తుందా? ఇంట్లో అందరికీ రోడ్డు మీద ఇసక ఉందని చెప్పాను. ఇసక ఉన్నమాట నిజమే. కానీ దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఆ ఘాట్‌లో, ఆ మలుపుకి నేను రావాల్సిన స్పీడు కాదది. ఎదురుగా ఆర్టీసీ బస్సు కనబడింది, బండి అప్పటికే వంగి ఉంది, భయపడి ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. ముందు చక్రం సబ్బు ముక్కలా జారింది. బస్సు డ్రైవరే దిగొచ్చి లేపాడు, లేపి "ఈ వయసులో ఎందుకండీ" అన్నాడు, ఎముక కంటే ఆ మాటే ఎక్కువ నొప్పెట్టింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే మామూలు ఏబీఎస్, బండి నిటారుగా ఉన్నప్పుడే బాగా కాపాడుతుంది. వంగినప్పుడు టైరుకున్న పట్టులో సగం మలుపు తిరగడానికే ఖర్చయిపోతుంది, మిగిలిన కాస్తలో బ్రేకు పడాలి. బండి ఎంత వంగిందో కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది, ఐఎంయూ అంటారు, అది ఉంటే బ్రేకు ఎంత పడాలో బండే లెక్క వేసుకుంటుంది. స్ట్రీట్ ట్రిపుల్ ఆర్‌లో అది ఉంది, క్లచ్ పట్టకుండా గేర్లు మార్చే క్విక్‌షిఫ్టర్ కూడా కంపెనీ నుంచే వస్తుంది. జెడ్900లో 2025 మోడల్ నుంచి ఇవి రెండూ వచ్చాయి, ఎక్సలేటర్ వదిలినా అదే స్పీడులో నడిపే క్రూయిజ్ కంట్రోల్ కూడా పెట్టారు. అంతకు ముందు వాటిల్లో లేవు. కాబట్టి ఎవరైనా "పాత స్టాక్, డిస్కౌంట్ ఇప్పిస్తా" అంటే, లేదా సెకండ్ హ్యాండ్‌లో మెరిసిపోయే బండి కనిపిస్తే, ఏ ఏడాదిదో ముందు అడుగు. నీకు ఆ సెన్సర్ లేని బండి నేను ఒప్పుకోను, ఇందులో బేరాల్లేవు.

బ్రేకులు ట్రిపుల్‌వి ఒక మెట్టు పైన, బ్రెంబో వాళ్ళవి, డిస్కులు 310 మిల్లీమీటర్లు. జెడ్‌వి 300. రెండూ ఆగుతాయి. ట్రిపుల్ రెండు వేళ్ళతో ఆగుతుంది, బరువు తక్కువ కాబట్టి.

ఇక నీ రోజువారీ సంగతి. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి. పొద్దున తొమ్మిదింటికి జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర నూట ఇరవై హార్స్ పవర్ ఉన్నా, షేర్ ఆటో వెనకే నిలబడాలి. పెద్ద ఇంజిన్ ఏదైనా, ఏ కంపెనీదైనా, ఆగినప్పుడు ఫ్యాన్ తిరిగి ఆ వేడంతా తొడల మీదకే కొడుతుంది, మే నెలలో జీన్స్ ప్యాంటులో నుంచి ఇస్త్రీ పెట్టినట్టు ఉంటుంది. రెండూ చల్లగా ఉండవు. పెద్ద ఇంజిన్ కొంచెం ఎక్కువ వేడి, అంతే. ఆఫీసుకి డ్యూక్ అమ్మకుండా ఉంచుకోగలవా అని ఆలోచించు, లేకపోతే మెట్రో ఎక్కు. నిజంగానే అంటున్నాను. ఈ బళ్ళు ఆదివారం బళ్ళు.

ఇంకో సంగతి, నీకు తెలిసే ఉంటుంది గానీ కొనే ఉత్సాహంలో మర్చిపోతారు: ఔటర్ రింగ్ రోడ్డు మీదకి టూవీలర్లని రానివ్వరు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదకీ అంతే. అంటే హైదరాబాద్‌లో ఈ బండి కాళ్ళు చాపుకునే చోటు ఊరు దాటాకే. వికారాబాద్ అనంతగిరి, నర్సాపూర్ అడవి దారి, కర్నూలు హైవే, లేదా మన్ననూరు మీదుగా శ్రీశైలం. ఆ చివరిదానికి రాత్రి తొమ్మిది తర్వాత అడవిలో గేటు వేసేస్తారు, పులుల రిజర్వ్ అది, లెక్క వేసుకుని బయల్దేరు. ఇప్పుడు నువ్వే చెప్పు, నీ ఆదివారాలు ఎక్కువ మలుపుల మీదా, తిన్నటి హైవే మీదా? నువ్వు పెట్టే స్టేటస్‌లు చూస్తే అన్నీ అనంతగిరే. కర్నూలు దాకా గీత గీసినట్టు పోయేవాడివైతే జెడ్900 కొనుక్కో, హాయిగా ఉంటుంది, ట్యాంకు కూడా పదిహేడు లీటర్లు, ట్రిపుల్‌కి పదిహేనే. అయినా నేకెడ్ బండికి ముందు అద్దం ఉండదు కదా, నూట పది దాటితే గాలి గుండెల మీద చేత్తో నెట్టినట్టుంటుంది, గంటకే మెడ పట్టేస్తుంది.

అమ్మాయిని వెనక ఎక్కించుకుని అరకు వెళ్తానన్నావు. ఆ వెనక సీట్లు చూశావా అసలు? అరచేయంత ఉంటాయి రెండింటికీ. పట్టుకోడానికి సరైన పట్టు ఉండదు. ఒకసారి తీసుకెళ్ళు, రెండోసారి తనే రానంటుంది, నీకు బండితో ఏకాంతం దొరుకుతుంది.

డబ్బు. ఎక్స్-షోరూమే పది లక్షల చుట్టూ తిరిగే బళ్ళు ఇవి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ళకి జీఎస్టీ 40 శాతం, అంతకు ముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. దాని మీద లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు. షోరూమ్‌లో నోటి లెక్క నమ్మకు, ఆన్ రోడ్ ధర ముక్కలు ముక్కలుగా విడదీసి కాగితం మీద రాయించుకో, "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అని ఒక లైను ఉంటే అదేంటో నిలదీయి. కొన్నాక ఖర్చు అసలు ఇక్కడే మొదలవుతుంది. టైర్లు రెండింటికీ ఒకే సైజు, వెనకది 180, ఇవి మెత్తటి రబ్బరు, త్వరగా అరిగిపోతాయి, నేను చివరిసారి జత మార్చినప్పుడు ముప్పై వేలు దాటింది. చైను, బ్రేకు ప్యాడ్లు, ఏడాదికో సర్వీసు, అన్నీ కారు లెక్కలే. ఈఎంఐ కట్టాక నెలకి ఇంకో ఆరేడు వేలు పక్కన పెట్టగలిగితేనే సంతకం పెట్టు. ఇంకో మాట, మీ ఇంటికి ఏ సర్వీస్ సెంటర్ దగ్గరో చూసుకో. నాకు ఒకసారి ఒక చిన్న సెన్సర్ కోసం బండి ఐదు వారాలు షెడ్డులో పడుంది, ఈఎంఐ మాత్రం ఐదో తారీకు ఠంచనుగా పోయింది.

జాకెట్, గ్లవ్స్, బూట్లు, మంచి హెల్మెట్ కోసం అరవై వేలు బండి ధరలోనే కలుపుకో. అవి తర్వాత కొంటాను అనేవాడు ఎప్పటికీ కొనడు. మన దేశంలో స్ప్లెండర్‌కీ దీనికీ ఒకటే లైసెన్సు, ఎవరూ నిన్ను ఆపి పరీక్ష పెట్టరు, కాబట్టి మొదటి రెండు వేల కిలోమీటర్లు, బండి మెత్తగా లాగే రెయిన్ మోడ్‌లోనే తోలు. స్నేహితులు నవ్వితే నవ్వనీ.

నా మాట అయితే ట్రిపుల్. నీకు, నీ సెల్లార్‌కి, నీ అనంతగిరికి. నేనే కొనుక్కునేదైతే జెడ్ కొంటాను, అది వేరే సంగతి.

కానీ నా మాట మీద కొనకు. ఈ శనివారం రెండు షోరూమ్‌లకీ వెళ్ళు, పొద్దున ఏసీలో కాదు, మధ్యాహ్నం రెండింటికి వెళ్ళు. స్టార్ట్ చేయకముందే బండిని పది అడుగులు వెనక్కి తోసి చూడు. టెస్ట్ రైడ్‌కి వాళ్ళు ఖాళీ రోడ్డు చూపిస్తారు, నువ్వు ట్రాఫిక్ ఉన్న వైపు తిప్పు. మొదటి గేరులో, నడిచే మనిషి వేగంతో, కాళ్ళు కింద పెట్టకుండా యూటర్న్ తీసుకో. స్పీడ్ బ్రేకర్ మీద నడుముకి ఎంత తగిలిందో గమనించు. సౌండ్ వినకు, వీలైతే చెవుల్లో దూది పెట్టుకో. దిగాక రెండు నిమిషాలు బండి పక్కనే నిలబడి మణికట్లు నొప్పిగా ఉన్నాయేమో చూసుకో, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

ఆదివారం పొద్దున్నే బయల్దేరి విజయవాడ నుంచి వస్తాను, బుక్ చేసేముందు నేనూ ఒక రౌండ్ వేస్తాను, దానికి నువ్వు ఒప్పుకోవాలి. మీ అమ్మకి బండి సంగతి నేను చెబుతాను. రేటు మాత్రం నువ్వే చెప్పుకో.

మీ మావయ్య