మా అబ్బాయి స్ట్రైకర్ అవుతానంటున్నాడు... ఆట అయిపోయాక ఏం చేస్తాడు?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. జిల్లా అండర్-17 ఫుట్‌బాల్ జట్టులో సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే గోల్స్ కొట్టే స్ట్రైకర్‌గా ఆడుతున్నాడు. ఒకప్పటి ఇండియా ఫార్వర్డ్ ఐ.ఎం. విజయన్ వీడియోలు చూసినప్పటి నుంచి ఇండియాకి ఆడతానని ఒకటే పట్టు. వాళ్ల నాన్నగారేమో హాస్టల్ ఉన్న కాలేజీలో ఎంపీసీలో చేర్పిస్తానంటున్నారు. ఆట ముప్పై అయిదేళ్లకే అయిపోతుంది కదా, తర్వాత వీడి బతుకేంటని నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఎంచుకున్న మనిషి చాలా మంచి ఉదాహరణ. కాకపోతే వాడు చూసింది గోల్సే అయి ఉంటాయి. అదే మనిషి ఉద్యోగ జీవితం ఎలా సాగిందో మీ ముగ్గురూ కలిసి ఒకసారి చూడండి. మీరడిగినదానికి సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

విజయన్‌ది కేరళలోని త్రిస్సూర్. పేద కుటుంబం. చిన్నప్పుడే తండ్రి పోయారు. ఊళ్లోని మున్సిపల్ స్టేడియంలో మ్యాచ్‌లు జరుగుతుంటే సోడాలు అమ్మిన పిల్లవాడు ఆయన. ఆట బాగుండటంతో పద్దెనిమిదేళ్లు నిండే వేళకు కేరళ పోలీసు జట్టులోకి తీసుకున్నారు. ఆ జట్టు 1990లో క్లబ్బుల జాతీయ టోర్నీ అయిన ఫెడరేషన్ కప్ గెలిచింది. ఆ తర్వాత మోహన్ బగాన్, జేసీటీ, ఎఫ్‌సీ కొచ్చిన్, ఈస్ట్ బెంగాల్ – దేశంలో పెద్ద క్లబ్బులన్నీ ఆయన్ని కోరుకున్నవే. 1999లో దక్షిణాసియా దేశాల సాఫ్ క్రీడల్లో భూటాన్ మీద ఆట మొదలైన 12 సెకన్లకే గోల్ కొట్టారు. చివరి అంతర్జాతీయ టోర్నీ మన హైదరాబాద్‌లోనే, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు. ఫైనల్లో ఇండియా ఉజ్బెకిస్తాన్ చేతిలో ఓడినా, నాలుగు గోల్స్‌తో ఆయనే టాప్ స్కోరర్. అప్పటికి ఆయన వయసు 34.

మీ భయమంతా ఆ 34 తర్వాత గురించే కదా. క్లబ్బు ఆట కూడా ముగిశాక విజయన్ మళ్లీ పోలీసు శాఖకే వచ్చారు. కేరళ పోలీసు విభాగమైన మలబార్ స్పెషల్ పోలీస్‌లో డిప్యూటీ కమాండెంట్‌గా 2025 ఏప్రిల్‌లో, 56 ఏళ్లకు రిటైరయ్యారు. అంటే ఇండియా జెర్సీ విప్పిన 22 ఏళ్లకు. ఆ ఏడాదే పద్మశ్రీ కూడా వచ్చింది. ఇందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. ఉద్యోగం వచ్చింది ఆయన పెద్ద స్టార్ అయ్యాక కాదు. ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లోనే ఆ శాఖలో కాలు పెట్టారు. రెండో జీవితానికి పునాది మొదటి జీవితం మొదట్లోనే పడింది.

మీ అబ్బాయికీ అచ్చం అలాగే జరుగుతుందని మాత్రం అనుకోవద్దు. అప్పట్లో పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లు కూడా ఫుట్‌బాల్‌కి వెన్నెముక. ఇప్పుడు పైస్థాయి ఆటంతా క్లబ్బు కాంట్రాక్టుల మీద నడుస్తోంది. కాంట్రాక్టు అంటే రెండేళ్లో మూడేళ్లో, అంతే. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో దేశంలో పైస్థాయి లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. తర్వాత ఆటగాళ్లకు జీతాల బకాయిలు పడ్డాయి, చివరికి 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి వెళ్లిపోయింది. అదే ఏడాది జులైలో ఆ లీగ్‌ను నడిపే హక్కుల ఒప్పందం తేలక కొత్త సీజన్‌నే ఆపేశారు, కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపేశాయి. ఇంటి అద్దె కట్టుకోవాల్సిన ఆటగాళ్లకు అది ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదమ్మా, వాళ్ల నాన్నగారి ఆందోళనలో న్యాయం ఉందని చెప్పడానికే ఇదంతా.

స్ట్రైకర్‌కి ఇంకో చిక్కు ఉంది, దీని గురించి పిల్లలకు ఎవరూ చెప్పరు. పెద్ద క్లబ్బులు విదేశీ ఆటగాళ్ల స్థానాలను ఎక్కువగా ముందు వరుసకే వాడతాయి. గోల్ కొట్టేవాడి కోసమే కదా డబ్బు పెట్టేది. దాంతో మన కుర్రాళ్లు మైదానం అంచుల్లో ఆడే వింగ్‌లకో, మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డ్‌కో జరుగుతారు, లేదంటే బెంచీ మీద కూర్చుంటారు. 2024 జూన్‌లో జాతీయ జట్టు నుంచి రిటైరైన స్ట్రైకర్ సునీల్ ఛెత్రిని 2025 మార్చిలో, 40 ఏళ్ల వయసులో, మళ్లీ పిలవాల్సి వచ్చిందంటే మనకు స్ట్రైకర్ల కొరత ఎంతగా ఉందో చూడండి. ఇది మీ అబ్బాయికి అవకాశమూ అవుతుంది, గండమూ అవుతుంది. నేనైతే రెండు కాళ్లతో ఆడటం, వింగ్‌లో ఆడటం ఇప్పుడే నేర్పమని కోచ్‌ను అడుగుతాను. నేను సెంటర్ ఫార్వర్డ్‌నే అని పదిహేనేళ్లకే భీష్మించుకోవడం మంచిది కాదు.

ఆట ఎప్పుడు ఆగుతుందో మన చేతుల్లో ఉండదు. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ పేరు మీ వాడు వినే ఉండడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టిన ఫార్వర్డ్ ఆయన. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేయాల్సి వచ్చింది. అప్పటికి నిండా ముప్పై ఏళ్లు కూడా లేవు. మోకాలి లిగమెంట్ తెగినా అంతే. కాబట్టి ముప్పై అయిదు అనే అంకె మీద లెక్కలు వేయకండి, ఇరవై ఆరుకే ఆగిపోతే ఏంటి అని కూడా ఆలోచించి పెట్టుకోండి.

ఇక మీరు చేయాల్సింది. హాస్టల్ కాలేజీ వద్దు. పొద్దున్న నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్ ఉండి గ్రౌండ్ లేని చోట రెండేళ్లు పెడితే వాడి ఆట అక్కడితో అయిపోయినట్టే. పదహారు, పదిహేడేళ్లు ఫుట్‌బాల్‌లో తిరిగిరాని వయసు. అలాగని చదువు మానిపించమని చెప్పను. ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ చూడండి, ఉదయం, సాయంత్రం ప్రాక్టీసుకు వీలుండాలి. గ్రూపు ఏది తీసుకోవాలో వాణ్ణే అడగండి. ఒక్క మాట, ఆటగాళ్లకు గాయాలు మాన్పే ఫిజియోథెరపీ వైపు ఆసక్తి ఉంటే బైపీసీ ఉండాలి, ఎంపీసీతో అది కుదరదు. కోచింగ్, వ్యాయామ విద్య, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ లాంటి వాటికి ఏ గ్రూపైనా సరే.

డిగ్రీ తప్పనిసరిగా చేయించండి, అదీ యూనివర్సిటీ జట్టుకు ఆడుతూ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో, రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉంది. చాలా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు దేశానికి ఆడినవాళ్లకే కాదు, రాష్ట్ర జట్టుకు జాతీయ పోటీల్లో, యూనివర్సిటీకి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో, రాష్ట్ర పాఠశాలల జట్టుకు జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడినవాళ్లకు కూడా అర్హత ఉంటుంది. అయితే ఆ పోస్టుకు కావాల్సిన చదువూ ఉండాలి. గోల్స్ ఉండి సర్టిఫికెట్ లేక ఆగిపోయిన పిల్లల్ని నేను చూశాను, ఆ బాధ చూడలేం. ప్రతి టోర్నీ కాగితం ఒక ఫైల్లో పెట్టండి. పుట్టినతేదీ అన్నింట్లో ఒకేలా ఉందో లేదో ఇప్పుడే సరిచూడండి. క్రీడాకారుల పింఛను గురించి ఎవరైనా చెబితే నమ్ముకోకండి. కేంద్రం ఇచ్చేది ఒలింపిక్స్, ఆసియా క్రీడల స్థాయి పతకాలు తెచ్చినవారికి, ఫుట్‌బాల్‌లో అది మనకు దూరం.

ఆడుతూనే రెండో పని మొదలుపెట్టిన మనిషి కావాలంటే ఇండియా మాజీ కెప్టెన్, స్ట్రైకర్ బైచుంగ్ భూటియాను చూపించండి. సిక్కింలో పుట్టి, తొమ్మిదేళ్లకే స్పోర్ట్స్ అథారిటీ స్కాలర్‌షిప్‌తో గ్యాంగ్‌టక్‌లో చదివారు. స్కూలు జట్లకు జరిగే జాతీయ టోర్నీ సుబ్రతో కప్‌లో 1992లో ఉత్తమ ఆటగాడు. 1999లో ఇంగ్లండ్‌లోని బరీ క్లబ్బుకు వెళ్లారు. జాతీయ జట్టుకు 2011లో వీడ్కోలు చెప్పారు, కానీ పిల్లల కోసం ఫుట్‌బాల్ స్కూళ్లు 2010లోనే ప్రారంభించారు. ఆటగాళ్ల సంఘాన్ని అంతకన్నా ముందే నిలబెట్టారు. మీ వాడు కూడా డిగ్రీ చదివే రోజుల్లోనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే డి లైసెన్స్ కోచింగ్ కోర్సు చేయొచ్చు. స్ట్రైకర్‌గా ఆడిన అనుభవం పిల్లలకు గోల్ కొట్టడం నేర్పడంలో బాగా పనికొస్తుంది, మన దగ్గర అలా నేర్పేవాళ్లు చాలా తక్కువ.

వాళ్ల నాన్నగారికి ఇలా చెప్పి చూడండి. ఇరవై ఒకటి వచ్చేదాకా ఆటకు అడ్డు చెప్పొద్దు, ఆటతో పాటే డిగ్రీ పూర్తి కావాలి. అప్పటికి రాష్ట్ర జట్టులోనో, ఏదైనా జాతీయ లీగ్ క్లబ్బు రిజర్వు జట్టులోనో చోటు రాకపోతే, ఆడటాన్ని పక్కన పెట్టి కోచింగ్, ఉద్యోగం వైపు వెళ్దాం. ఈ మాట మీ అబ్బాయి ముందే, అతని ఒప్పుదలతోనే అనుకోవాలి.

ఈ ఏడాది సుబ్రతో కప్‌కు స్కూలు జట్టు వెళ్తుందో లేదో పీఈటీ సార్‌ను కనుక్కోండి. వెళ్తుంటే పదో తరగతి పరీక్షల పేరు చెప్పి వాణ్ణి ఆపొద్దు. అక్కడ ఎలా ఆడాడో, ఏ స్థానంలో ఆడించారో నాకు రాయండి, కాలేజీ సంగతి అప్పుడు తేల్చుకుందాం.