పాలసీసాతో నిద్రపోయే బాబు, పై పళ్ల మీద తెల్లటి గీతలు

మీ ఏడాదిన్నర బాబు పాలసీసా నోట్లో ఉంటేనే నిద్రపోతున్నాడని, పై ముందుపళ్ల మీద చిగుళ్లను ఆనుకుని తెల్లటి గీతలు కనిపిస్తున్నాయని, పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా అని మీ అత్తగారు అంటున్నారని రాశారు. దయచేసి ఈ వారంలోనే పిల్లల దంతవైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి. మేము గుంటూరు బ్రాడీపేటలో ఉంటాము. మా పెద్దమ్మాయికి సరిగ్గా ఇదే వయసులో ఇవే గీతలు వస్తే, నేను పాల చారలనుకుని తడిగుడ్డతో తుడిచాను, పోకపోయినా ఊరుకున్నాను. కొన్ని నెలలకే అవి గోధుమరంగుకు తిరిగి, ఒక పన్ను అంచు పెళుసుబారి విరిగిపోయింది.

అప్పుడు డాక్టరుగారు చెప్పిన మాట నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. ఆ గీతలు పన్ను పుచ్చడానికి మొదటి గుర్తని, తెల్లగా ఉన్న దశలో పంటి పైపొర ఖనిజాలను మాత్రమే కోల్పోతుందని, అప్పుడే వస్తే ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, అలవాట్లు మార్చి దాన్ని అక్కడే ఆపే అవకాశం ఉంటుందని, గుంట పడ్డాక అది దానంతట అది పూడదని ఆయన వివరించారు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కనుక నోట్లో నిలిచిన పాలలోని చక్కెరను సూక్ష్మక్రిములు తీరికగా ఆమ్లంగా మారుస్తాయి. కింది ముందుపళ్లను నాలుక కప్పి ఉంచుతుంది కనుక ముందుగా పై పళ్లే దెబ్బతింటాయి. మేమైతే ఆ పాలలో పటికబెల్లం కూడా కలిపేవాళ్లం.

సీసా మాన్పించడమే అన్నిటికంటే కష్టం. మేము మొదట పటికబెల్లం తగ్గిస్తూ వచ్చి పూర్తిగా మానేశాము, తరువాత పడుకునే ముందే గ్లాసుతో పాలు పట్టి, పళ్లు తోమి, ఆపైన అడిగితే సీసాలో మంచినీళ్లు మాత్రమే ఇచ్చాము. మూడు రాత్రులు బాగా ఏడ్చింది. మా అత్తగారు ఒళ్లో వేసుకుని జోకొట్టకపోతే నేను మళ్లీ పాలు కలిపి ఇచ్చేసేదాన్నేమో. అందుకే మీ అత్తగారికి కూడా విషయం నెమ్మదిగా చెప్పి కలుపుకోండి: పై ముందుపళ్లు 6, 7 ఏళ్ల వరకు, దవడపళ్లు 10 నుంచి 12 ఏళ్ల వరకు ఉండాలి, తరువాత వచ్చే శాశ్వత పళ్లకు చోటు కాపాడేవి అవే, అంతకాలం ఆ పళ్లతోనే బిడ్డ అన్నం నమలాలి.

తోమడానికి మెత్తటి చిన్న బ్రష్ మీద బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. బాబు తల మీ ఒళ్లో పెట్టుకుని, పై పెదవి ఎత్తి తోమితే చిగురు అంచు స్పష్టంగా కనిపిస్తుంది. ఉదయం ఒకసారి తప్పినా రాత్రి మాత్రం తప్పకూడదు. మీరు రుచి చూసిన చెంచాతోనే బాబుకు పెట్టకండి, పళ్లను పుచ్చబెట్టే క్రిములు పెద్దల ఎంగిలి ద్వారా కూడా పిల్లలకు చేరతాయి.

మా రెండోవాణ్ణి మొదటి పుట్టినరోజుకే డాక్టరుగారికి చూపించాము. ఇప్పుడు నాలుగేళ్లు, ఒక్క పన్ను కూడా పుచ్చలేదు.

మీరు వెళ్లినప్పుడు రాత్రి ఎన్నిసార్లు సీసా ఇస్తున్నారో, పాలలో ఏం కలుపుతున్నారో దాచకుండా చెప్పండి. ఇంట్లో తాగేది బోరునీళ్లయితే అది కూడా చెప్పండి. పల్నాడు వైపు కొన్ని ఊళ్ల బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఏ పేస్టు ఎంత వాడాలో ఆయన దాన్నిబట్టి నిర్ణయిస్తారు.