మూడు డొమైన్ల మెయిల్ ఒకే సర్వర్ మీద: శ్రావణికి ఉత్తరం

చి. శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

విత్తనాల కంపెనీ, హాస్టల్, ట్రస్టు, మూడింటి మెయిలూ ఒకే లినక్స్ సర్వర్ మీదికి మార్చే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన పోస్ట్‌ఫిక్స్ (ఉత్తరాలు అందుకుని పంపే ప్రోగ్రాం) సెట్టింగులు చదివాను. చాలావరకు బాగానే ఉన్నాయి. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. విత్తనాల కంపెనీ డొమైను మైడెస్టినేషన్ అనే జాబితాలోనూ ఉంది, వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్స్ అనే జాబితాలోనూ ఉంది. అది సరిచెయ్యకుండా ముందుకెళ్లకు తల్లీ.

ఉత్తరం రాగానే పోస్ట్‌ఫిక్స్ ఎట్ గుర్తుకు కుడిపక్కనున్న డొమైను చూస్తుంది. ఇది మనదేనా, మనదైతే ఏ రకంగా మనది అని తేల్చుకుంటుంది. మైడెస్టినేషన్‌లో ఉంటే సర్వర్ మీద లినక్స్ ఖాతా ఉన్నవాళ్లకీ, అలియాసెస్ ఫైలులో, అంటే మారుపేర్ల పట్టికలో, పేరున్నవాళ్లకీ మాత్రమే ఉత్తరం చేరుతుంది. పైగా అందులో రెండు డొమైన్లు పెడితే, రెండింటిలో వేర్వేరు రవిలున్నా ఒక్కడే అయిపోతాడు. వర్చువల్ అలియాస్ డొమైన్స్‌లో ఉంటే ఆ డొమైనుకి సొంత పెట్టెలుండవు, ప్రతి చిరునామా ఇంకో చిరునామాకి దారి చూపుతుంది. వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్స్‌లో ఉంటే లినక్స్ ఖాతా లేకుండానే ఎవరి పెట్టె వాళ్లకుంటుంది. ఒక డొమైను వీటిలో ఒక్కదానిలోనే ఉండాలి.

రెండుచోట్లా ఉంటే లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) హెచ్చరిక పడుతుంది, కానీ పని ఆగదు. మైడెస్టినేషన్ మాటే నెగ్గుతుంది. నువ్వు కట్టిన పెట్టెలన్నీ అలాగే ఉంటాయి, రాసినవాళ్లకి మాత్రం అలాంటి యూజరే లేడని తిరుగుటపా వెళుతుంది. ఖరీఫ్ ముందు ఆర్డరు పంపిన డీలరుకి అలాంటి జవాబొస్తే కంపెనీ మూసేశారనుకుంటాడు. ఇంకొకటి గమనించు. నువ్వు డొమైను పేరు మైడెస్టినేషన్‌లో నేరుగా రాయలేదు, డాలర్ గుర్తు పెట్టి మైడొమైన్ అని రాశావు. అది విప్పితే, అంటే ఆ పేరు బదులు దాని విలువ పెట్టి చూస్తే, కంపెనీ డొమైనే వస్తుంది. సెట్టింగులు చూపించే పోస్ట్‌కాన్ఫ్ కమాండుకి మైనస్ ఎక్స్ కలిపితే ఇలాంటివన్నీ విప్పి చూపిస్తుంది. మైడెస్టినేషన్‌లో సర్వర్ సొంత హోస్ట్‌పేరు, లోకల్‌హోస్ట్ ఉంచు, చాలు.

ఫైళ్లు ముట్టుకోకముందు కాగితం మీద మూడు డొమైన్లూ రాసి, దేని పక్కన దాని రకం రాసుకో. కంపెనీ, హాస్టల్ రెండూ మెయిల్‌బాక్స్ రకమే. ట్రస్టువాళ్లు తమ ఉత్తరాలు సొంత జీమెయిల్‌కి వెళ్లాలంటున్నారని రాశావు. నన్నడిగితే దానికీ ఇక్కడే పెట్టెలు పెట్టు. ఎవరో రాసిన ఉత్తరాన్ని మనం ముందుకు పంపితే, అవతలి సర్వర్‌కి మన ఐపీ (మన సర్వర్ నెట్ చిరునామా) కనిపిస్తుంది. రాసినవాళ్ల ఎస్‌పీఎఫ్ రికార్డులో (ఆ డొమైను పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితాలో) మన ఐపీ ఉండదు కాబట్టి ఆ పరీక్ష తప్పుతుంది. మనకొచ్చిన చెత్త మెయిలు కూడా మన చేతిమీదుగానే జీమెయిల్‌కి వెళ్లి మన ఐపీకి చెడ్డపేరు తెస్తుంది. ఆ పెద్దమనుషులకి ఫోనులో ఇంకో అకౌంటు పెట్టివ్వడం ఒక పూట పని.

పెట్టెల్లో వెయ్యడానికి పెట్టెలు చూసుకునే ప్రోగ్రాం డవ్‌కాట్‌కి ఎల్ఎంటీపీ పద్ధతిలో ఉత్తరాలు అందిస్తున్నావు, మంచిది. డెబియన్ లినక్స్‌లో పోస్ట్‌ఫిక్స్ తన స్పూల్ డైరెక్టరీకే (ఉత్తరాలు వరుసలో ఉంచే ఫోల్డరుకే) పరిమితమై నడుస్తుంది కాబట్టి ఆ రెండూ మాట్లాడుకునే సాకెట్ ఫైలు స్పూల్ లోపలి ప్రైవేట్ ఫోల్డరులోనే ఉండాలి. డవ్‌కాట్‌లో యూజర్‌నేమ్ ఫార్మాట్ కూడా చూడు. డొమైను కోసేసి పేరు మాత్రమే ఉంచే వరుస ఎక్కడినుంచైనా కాపీ అయి ఉంటే తీసెయ్. లేకపోతే కంపెనీ రవి, హాస్టల్ రవి మళ్లీ కలిసిపోతారు. పెట్టెలన్నీ వీమెయిల్ అనే ఒకే లినక్స్ యూజర్ కింద పెట్టు.

ఇక క్యాచ్ ఆల్. ఏ పేరుకి వచ్చినా తనకి రావాలని కంపెనీ ఓనరుగారు అడిగారన్నావు. దయచేసి ఒప్పుకోకు. వర్చువల్ అలియాస్ మ్యాప్స్, అంటే ఏ చిరునామా ఎక్కడికి పోవాలో రాసే పట్టికలు, ఒక్క అలియాస్ డొమైన్లకే కాదు, సర్వర్‌లోకి వచ్చే ప్రతి చిరునామాకీ వర్తిస్తాయి, అదీ పెట్టె దాకా పోకముందే. అందులో డొమైను మొత్తానికి ఒక వరుస రాస్తే, సొంత పెట్టెలున్నవాళ్ల ఉత్తరాలు కూడా ఓనరుగారికే పోతాయి. అలా పోకుండా ఉండాలంటే ప్రతి చిరునామానీ తిరిగి దానికే చూపిస్తూ ఒక్కో వరుస రాయాలి. కొత్త ఉద్యోగి చేరిన రోజు ఆ వరుస మర్చిపోతే అతని ఉత్తరాలు అతనికి తెలియకుండా ఇంకొకరు చదువుతారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. చెత్త మెయిలు పంపేవాళ్లు ఊహించి రాసే పేర్లన్నీ లోపలికొస్తాయన్నది ఆ తర్వాతి సంగతి. ఓనరుగారికి ఈ మాట నెమ్మదిగా వివరించు, అర్థం చేసుకుంటారు.

పోస్ట్‌మాస్టర్ చిరునామా (మెయిల్ ఇబ్బందులు చెప్పుకునేది) మూడు డొమైన్లకీ ఉండి తీరాలి, మెయిల్ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 5321 నియమం అది. వర్చువల్ డొమైన్లకి అలియాసెస్ ఫైలు పనిచెయ్యదు కాబట్టి మూడింటికీ వర్చువల్ అలియాస్ మ్యాప్‌లోనే రాయి. దుర్వినియోగం మీద ఫిర్యాదులొచ్చే అబ్యూజ్ చిరునామా కూడా చేర్చు.

ఏ మ్యాప్ ఫైలు మార్చినా, దాన్ని పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి తెచ్చే పోస్ట్‌మ్యాప్ కమాండు నడపాలి. హ్యాష్ రకం మ్యాప్ లేని లినక్స్ డిస్ట్రిబ్యూషన్ అయితే ఎల్ఎండీబీ రకం వాడు. తర్వాత పోస్ట్‌మ్యాప్ మైనస్ క్యూతో ఉన్న చిరునామా ఒకటి, లేనిది ఒకటి అడుగు. లేనిదానికి జవాబు రాకూడదు. చాలామంది ఉన్నదాన్ని మాత్రమే పరీక్షించి లేచిపోతారు.

మార్పు చేసే రోజు సాఫ్ట్ బౌన్స్ అనే సెట్టింగుని యెస్ చేసి పెట్టు. అప్పుడు మన పొరపాటు వల్ల తిరస్కరించాల్సి వచ్చినా శాశ్వతంగా కాదనే 550 కోడ్ బదులు ప్రస్తుతానికి కాదనే 450 వెళుతుంది, పంపిన సర్వర్ ఉత్తరాన్ని దాచుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజులు ప్రయత్నిస్తుంది. ఆ లోపు లాగ్ చూసి సరిదిద్దుకోవచ్చు. అంతా కుదిరాక తీసెయ్యడం మాత్రం మరవకు. ఉంచేస్తే నిజంగా చిరునామా తప్పు రాసినవాళ్లకి ఆ సంగతి రోజులు గడిచాక గానీ తెలియదు.

ఎంఎక్స్ రికార్డు (డొమైను ఉత్తరాలు ఏ సర్వర్‌కి రావాలో చెప్పేది) అన్నిటికన్నా చివర మార్చు. ముందురోజే దాని టీటీఎల్ (మిగతా సర్వర్లు దాన్ని గుర్తుంచుకునే వ్యవధి) 300 సెకన్లకి తగ్గించు. పాత హోస్టింగ్ వెంటనే ఆపొద్దు, కొన్నాళ్లు అక్కడికీ ఉత్తరాలొస్తూనే ఉంటాయి. కానీ ఆ పాత సర్వర్ ఇంకా ఆ డొమైను తనదే అనుకుంటుంటే, అదే సర్వర్ మీదున్న వేరే కస్టమర్లు మీకు రాసిన ఉత్తరాలు ఎంఎక్స్ చూడకుండా అక్కడి పాత పెట్టెలోనే పడతాయి. పాతవాళ్లకి రాసి, మెయిల్ ఇప్పుడు బయట ఉందని వాళ్ల ప్యానెల్‌లో మార్పించు.

బయటికి పంపేదానికి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీని బట్టి సర్వర్ పేరు చెప్పేది), ఎస్‌పీఎఫ్, డీకిమ్ (ఉత్తరం మీద డొమైను డిజిటల్ సంతకం) మూడూ పెట్టు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగానే ఉంటోంది.

మైడెస్టినేషన్ సరిచేశాక పోస్ట్‌కాన్ఫ్ మైనస్ ఎన్ ఇచ్చే వరుసలు నాకు పంపు. ఎంఎక్స్ మార్చకముందు ఇంకోసారి చూస్తాను. పాస్‌వర్డ్‌లున్న ఫైలు మాత్రం ఎవరికీ, నాక్కూడా పంపొద్దు.

ఇట్లు,
పెదనాన్న